బ్రోకెన్ మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ పొగమంచే. హార్ట్స్ కొండల్లో దృశ్యం కనిపించే చోటు ఎక్కడుంది?

తెల్లమబ్బు
ఏడాదిన్నరగా జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటున్నాను. ఆకాశం తేటగా ఉన్న రోజున మా ఇంటి దగ్గరి వంతెన మీంచి చూస్తే దక్షిణాన నీలం గీతలా హార్ట్స్ కొండలు కనిపిస్తాయి. చూసి చూసి ఆగలేక వాటిలో అన్నిటికన్నా ఎత్తైన బ్రోకెన్ మీదికి మూడుసార్లు వెళ్ళాను. మార్చిలో రైల్లో, జూన్‌లో టోర్ఫ్‌హౌస్ నుంచి నడిచి, ఆగస్టులో షీర్కె నుంచి నడిచి. మూడుసార్లూ పైన తెల్లగోడ కట్టినట్టు పొగమంచు. శిఖరం మీది రాయి దగ్గర ఫోటో దిగితే వెనకాల ఏమీ లేదు. అది బ్రోకెనో, మా మేడ మీద నీళ్ళ ట్యాంకో ఎవరూ చెప్పలేరు.

పైగా దారంతా ఎండిపోయి నిలబడ్డ చెట్లు. మా రూమ్మేట్ "1141 మీటర్లు కూడా కొండేనా, ఆల్ప్స్‌కి పో" అంటున్నాడు. నాకేమో ఈ కొండల్ని అలా వదిలేయబుద్ధి కావట్లేదు.

అక్టోబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకు 63, కుడి మోకాలు నొప్పి. అమ్మ బాగానే నడుస్తుంది. మాకు కారు లేదు. వాళ్ళకు ఒక్క మంచి దృశ్యమైనా చూపించాలి. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?

రాయిరప్ప
బ్రోకెన్ మీద ఏడాదికి 300 రోజులకు పైగా ఎంతో కొంత పొగమంచు ఉంటుంది. మూడుసార్లూ అదే ఎదురైందంటే నీ జాతకానికి వచ్చిన లోపం ఏమీ లేదు. ఉత్తర సముద్రం వైపు నుంచి వచ్చే తడిగాలికి దారిలో అడ్డే లేదు, అంతా మైదానం. మొట్టమొదట తగిలే ఎత్తు ఈ కొండే. గాలి పైకి లేచి, చల్లబడి, మబ్బు కడుతుంది. నువ్వు మూడుసార్లూ ఆ మబ్బు లోపలే నిలబడ్డావు.

అందుకే శిఖరం మీద మబ్బు కూర్చున్న రోజు కాస్త తక్కువ ఎత్తుకి వెళ్ళాలి. అఖ్టర్‌మన్ 925 మీటర్లు, వోల్ఫ్స్‌వార్టె 918 మీటర్లు. చాలాసార్లు ఈ రెండూ మబ్బుకి కింద ఉంటాయి. నేను బ్రోకెన్ ఎక్కినన్నిసార్లు అఖ్టర్‌మన్ కూడా ఎక్కాను. దృశ్యం దొరికిన రోజులు అఖ్టర్‌మన్ మీదే ఎక్కువ.

క్లౌస్థాల్_కుర్రాడు
వోల్ఫ్స్‌వార్టెకి నాదీ ఓటు. టోర్ఫ్‌హౌస్ నుంచి మూడు కిలోమీటర్ల లోపే. చివర్లో తెల్లటి క్వార్ట్జైట్ రాళ్ళ గుట్ట. దాని మీద కూర్చుంటే బ్రోకెన్ మొత్తం ఎదురుగా ఉంటుంది. బ్రోకెన్‌ని చూడాలంటే బ్రోకెన్ మీద ఉండకూడదు కదా.

రైలుబండి
వాళ్ళ నాన్నగారికి మోకాలు నొప్పి అని రాశారు, చదివారా? అఖ్టర్‌మన్ చివరి ముక్కలో రాళ్ళ మెట్లు ఎలా ఉంటాయో రాయిరప్ప గారికి తెలుసు. ఎక్కడం సరే, దిగేటప్పుడు మోకాలు ఏమవుతుంది?

పెద్దవాళ్ళతో అయితే రైలే మంచిది. వెర్నిగెరోడె నుంచో, ద్రై అన్నెన్ హోనె నుంచో ఆవిరి ఇంజను బండి. 1125 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్ దాకా తీసుకెళ్ళి దింపుతుంది. టికెట్ ఖరీదే, కాదనను. కానీ బొగ్గు వాసన, మలుపుల్లో పెట్టెల కిటికీ లోంచి ముందున్న ఇంజను కనబడటం, ఇవి మా నాన్నకు పైన చూసిన దానికన్నా ఎక్కువ గుర్తున్నాయి.

రాయిరప్ప
రైల్లో వెళ్తే ఆ కొండ గురించి ఏం తెలుస్తుంది? కింద బీచ్ చెట్లు, ఆ పైన స్ప్రూస్, పైపైకి పోయేకొద్దీ పొట్టిబడి, 1100 దగ్గర చెట్లే ఆగిపోవడం, ఇదంతా కాళ్ళతో తెలియాలి. ఈ ఎత్తులో ఆల్ప్స్‌లో దట్టమైన అడవి ఉంటుంది. ఇక్కడ గాలి, చలి కలిసి చెట్టుని పెరగనివ్వవు. 1984 నవంబర్‌లో ఈ శిఖరం మీద గంటకు 263 కిలోమీటర్ల గాలి నమోదైంది.

రైలుబండి
63 ఏళ్ళ మనిషి మోకాలితో వృక్షశాస్త్రం నేర్చుకోవక్కర్లేదు అన్నా.

నీలిగొడుగు
ఇద్దరూ కాస్త ఆగండి. పోయినేడు మా అత్తమ్మని, మామయ్యని తీసుకెళ్ళాను. అత్తమ్మకు 68. మేం వెళ్ళింది టాలెకి. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే కేబుల్ కారు. అది హెక్సెన్‌టాన్ట్స్‌ప్లాట్స్ మీదికి తీసుకెళ్తుంది. ఎత్తు 454 మీటర్లే. కానీ అంచుకు వెళ్ళి చూస్తే బోడె నది లోయ 200 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. ఎదురుగా నిలువు గ్రానైట్ గోడ. మా మామయ్య కడ్డీ పట్టుకుని పది నిమిషాలు మాట్లాడలేదు. పొగమంచు కూడా ఆ ఎత్తులో చాలా తక్కువ.

లోయకి అటువైపు రోస్‌ట్రాపె. దానికి వేరే కుర్చీల లిఫ్ట్. దిగాక రాళ్ళ దారిలో పావుగంట నడవాలి. చివర బండ మీద పెద్ద గిట్ట గుర్తులాంటి గుంట ఉంటుంది. బ్రున్‌హిల్డె అనే రాకుమారిని బోడో అనే రాక్షసుడు తరుముతుంటే, ఆమె గుర్రం లోయ మీంచి దూకి ఆ బండ మీద కాలు మోపిందట. వాడు దూకలేక లోయలో పడ్డాడట. అందుకే ఆ నదికి బోడె అని పేరు. అత్తమ్మకు ఈ కథ చెప్పానో లేదో, మన వైపు గుర్రపు డెక్కల కథలు నాలుగు చెప్పింది.

తెల్లమబ్బు, మీ నాన్నగారికి ఇదే సరిపోతుంది. బ్రౌన్‌ష్వైగ్ నుంచి రైళ్ళు మారాలి, పొద్దున్నే బయల్దేరండి.

తెల్లమబ్బు
అక్కా, ఇది చాలా బాగుంది. 454 మీటర్లని చూసి నేనసలు ఆ పేరు పక్కన పెట్టేశాను.

రాయిరప్ప
నీలిగొడుగు చెప్పింది నిజం. అంచు ఎంత నిటారుగా తెగి ఉందన్నదే దృశ్యాన్ని ఇస్తుంది. శిఖరం గుండ్రంగా, చదునుగా ఉంటే ఎంత ఎత్తున్నా ముందు నీ కాళ్ళ కింది నేలే కనిపిస్తుంది. ఇలాంటి పాత, అరిగిపోయిన కొండల్లో పైభాగం మొద్దుగా ఉంటుంది, అసలు అందం నదులు కోసిన అంచుల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ మ్యాపులో శిఖరాల పేర్లకన్నా "క్లిప్పె" అని ముగిసే పేర్లు వెతుక్కోవాలి. క్లిప్పె అంటే రాతికొమ్ము. రాబెన్‌క్లిప్పె, కేస్టెక్లిప్పె, లైస్టెన్‌క్లిప్పె.

చలిమంట
"క్లిప్పె" చిట్కా బంగారం. రాసి పెట్టుకున్నాను.

శనివారం_నడక
క్లిప్పెల గురించి అంటే స్టాంపుల సంగతి చెప్పాల్సిందే. హార్ట్సర్ వాండర్‌నాడెల్ అని ఒక పద్ధతి ఉంది. కొండల నిండా 222 చోట్ల చిన్న చెక్క పెట్టెలు, వాటిలో ఒక్కో రబ్బరు స్టాంపు. ఒక చిన్న పుస్తకం కొనుక్కుని వెళ్ళిన చోటల్లా ముద్ర వేసుకోవాలి. 8 ముద్రలకు కంచు బ్యాడ్జి, 16కి వెండి, 24కి బంగారం. మొత్తం 222 పూర్తి చేసినవాళ్ళని "వాండర్‌కైజర్", నడక చక్రవర్తి అంటారు. నాకు ఇప్పటికి 71.

వ్యూపాయింట్ ఎక్కడుందో తెలియని కొత్తవాళ్ళకి ఆ మ్యాపే పెద్ద దారి. నేనొక్కదాన్నే వెతుక్కుంటే ఇల్జెస్టైన్ దాకా జన్మలో వెళ్ళేదాన్ని కాదు. ఇల్జె నది లోయ మీద నిటారు బండ, దాని కొసన ఇనుప శిలువ.

దారితప్పినమేక
స్టాంపుల మీద నాకు కోపం ఉంది. వారాంతాల్లో చూడండి, జనం పరుగున వస్తారు, టక్ అని ముద్ర వేస్తారు, తల ఎత్తి లోయని చూడకుండా తర్వాతి పెట్టెకి పోతారు. మా గ్రూపులో ఒకతను రోజుకి 14 చోట్లు తిరిగాడు. ఏ చోటు ఎలా ఉందని అడిగితే స్టాంపు నంబరు చెప్పాడు.

శనివారం_నడక
అది అతని నడక. నా 71లో ఒక్కోచోట అరగంట తక్కువ కూర్చోలేదు. మా పాపకి ఏడేళ్ళు, "ఇంకెంత దూరం" అని ఏడ్చే పిల్ల, పెట్టె కోసం ఐదు కిలోమీటర్లు తనంతట తాను నడిచింది. పిల్లల కాళ్ళని కదిలించేది దృశ్యం కాదు, ఆ పెట్టె మూత తెరవడం. దాన్ని నేను చిన్నచూపు చూడను.

దారితప్పినమేక
పిల్లల మాట ఒప్పుకుంటాను. ఈ కోణం నాకు తట్టలేదు.

బూట్లదారం
ఎండిన చెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను 2016లో మొదటిసారి టోర్ఫ్‌హౌస్ నుంచి నడిచినప్పుడు అదంతా నల్లటి ఆకుపచ్చ. పోయినేడు మళ్ళీ వెళ్తే ఏడుపొచ్చింది. బూడిద రంగు కర్రలు. ఇంత పెద్ద దేశంలో ఆ చెట్లని కాపాడలేకపోయారా?

అడవిబాట
గ్యోటింగెన్‌లో అటవీశాస్త్రం చదువుతున్నాను, కొంచెం పెద్దగా రాస్తాను.

హార్ట్స్‌లో వందల ఏళ్ళు వెండి, సీసం, రాగి గనులు నడిచాయి. గనుల్లో దన్నులకి, కొలిమిలో బొగ్గుకి కలప కావాలి. అసలున్న బీచ్ చెట్లు, మిశ్రమ అడవి నరికేశాక, త్వరగా పెరుగుతుందని స్ప్రూస్ ఒక్కటే వరసగా నాటారు. స్ప్రూస్‌కి సొంత ఊరు బాగా పైన, చల్లటి చోటు. 400, 500 మీటర్ల దగ్గర అది అతిథి.

2018 జనవరిలో పెద్ద తుపాను చెట్లని కూల్చింది. ఆ వేసవి నుంచి వరసగా కరువు. బెరడు పురుగు, ఇక్కడ బోర్కెన్‌కేఫర్ అంటారు, పడిపోయిన చెట్లలో పిల్లలు పెట్టి నిలబడ్డ చెట్ల మీదికి వచ్చింది. మామూలుగా చెట్టు జిగురు కార్చి పురుగుని ముంచేస్తుంది. నీళ్ళు లేని చెట్టుకి జిగురు ఎక్కడిది? పడిపోయిన మాను బెరడు లేపి చూడండి, మధ్యలో నిలువు గీత, దానికి అటూ ఇటూ సన్నటి పాయలు. అచ్చు వేసినట్టు ఉంటుంది.

కాపాడలేదన్న మాటకి జవాబు: నేషనల్ పార్కులో చాలా భాగంలో కావాలనే చెయ్యి పెట్టలేదు. చనిపోయిన మానుల కింద ఇప్పుడు రోవన్, బిర్చ్ మొక్కలు నడుము ఎత్తు లేచాయి. కిందకి వంగి చూస్తే కొత్త అడవి కనిపిస్తుంది.

బూట్లదారం
అర్థమైంది, కానీ నొప్పి తగ్గలేదు. "చెయ్యి పెట్టలేదు" అనడం మీకు సులువు. అక్కడ హోటళ్ళు నడుపుకునేవాళ్ళకి, ఆ దారుల్లో చిన్నప్పటి నుంచి తిరిగినవాళ్ళకి ఎలా ఉంటుంది?

అడవిబాట
సులువుగా అనలేదండీ. మొదటి రోజు ఫీల్డ్ ట్రిప్‌లో మా బ్యాచ్ అంతా మౌనంగా నడిచాం. ఆ బాధ నాదీ.

రాయిరప్ప
ఒకటి మాత్రం చెప్పాలి. ఇదివరకు చెట్ల గోడ వల్ల ఏమీ కనిపించని దారుల్లో ఇప్పుడు మైదానం దాకా తెరుచుకుంది. సంతోషించాలో తెలియదు, కానీ నిజం.

ఎండిన మానులు ఎప్పుడైనా కూలతాయి. గాలి హెచ్చరిక ఉన్న రోజు అడవి దారుల్లోకి వెళ్ళొద్దు. భోజనానికి కూర్చునేటప్పుడు తల ఎత్తి పైన ఏముందో చూసుకోవాలి. దారి మీద అడ్డంగా టేపు కట్టి ఉంటే దాటొద్దు.

లెక్కలమాస్టారు
నడక సమయం ఎలా అంచనా వెయ్యాలో చాలామంది అడుగుతుంటారు. జర్మనీలో వాడే లెక్క ఇది: చదునుగా గంటకి 4 కిలోమీటర్లు, ఎక్కడం గంటకి 300 మీటర్లు, దిగడం గంటకి 500 మీటర్లు. దూరానికి పట్టే సమయం, ఎత్తుకి పట్టే సమయం విడివిడిగా వెయ్యాలి. పెద్దది మొత్తం, చిన్నది సగం కలపాలి.

టోర్ఫ్‌హౌస్ నుంచి గేటేవెగ్ అనే నడకదారి మీద బ్రోకెన్‌కి 8 కిలోమీటర్లు, అంటే 2 గంటలు. ఎత్తు సుమారు 350 మీటర్లు, అంటే గంటా పది నిమిషాలు. 2 గంటలు, ప్లస్ 35 నిమిషాలు. రెండు గంటల ముప్ఫై అయిదు. ఇల్జెన్‌బుర్గ్ నుంచైతే 12 కిలోమీటర్లు, దాదాపు 900 మీటర్ల ఎక్కుడు. మూడు గంటలు, దానికి ఒకటిన్నర, మొత్తం నాలుగున్నర. ఫోటోలు, టిఫిన్ ఇందులో లేవు.

చలిమంట
మా గ్రూపుకి ఫోటోలే రెండు గంటలు మాస్టారూ.

దారితప్పినమేక
ఈ లెక్క నాకు ముందే తెలిస్తే బాగుండేది. రెండేళ్ళ కింద డిసెంబర్‌లో షీర్కె నుంచి ఎకర్‌లోఖ్ దారిలో ఎక్కాం, నేనూ మా కజినూ. పొట్టి దారి అని అందరూ చెప్పారు. పొట్టిదే, కానీ అంతా బండలు, వాటి మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. పైకి చేరేసరికి మధ్యాహ్నం మూడు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగింటికి సూర్యుడు అస్తమిస్తాడన్న సంగతి తెలుసు, అయినా బుర్రకి ఎక్కలేదు. టీ తాగి మూడున్నరకి అదే దారిలో దిగడం మొదలుపెట్టాం.

సగంలో చీకటి. ఫోన్ 40 శాతం ఉన్నది చలికి ఒక్కసారిగా ఆరిపోయింది. మ్యాప్ అందులోనే. కజిన్ ఫోన్ టార్చ్‌తో కూర్చుని కూర్చుని, బండ బండకీ జారుతూ దిగాం. ఒకచోట దారి వదిలేసి వాగులోకి వెళ్ళాం. నీళ్ళ చప్పుడు దగ్గరవుతోందని అర్థమై వెనక్కి ఎక్కాం. షీర్కె దీపాలు కనిపించేసరికి మా కజిన్ ఏడ్చేశాడు. ఆ పక్కనే తారురోడ్డు శిఖరం నుంచి కిందిదాకా ఉంది. పొడుగే, కానీ చీకట్లో కూడా నడవొచ్చు. ఎక్కిన దారినే దిగాలన్న నియమం ఎవరు పెట్టారు?

ఇప్పుడు నా సంచిలో హెడ్‌ల్యాంప్, కాగితం మ్యాప్ వేసవిలో కూడా ఉంటాయి. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని.

నీలిగొడుగు
చదువుతుంటేనే గుండె ఆగింది తమ్ముడూ. 112కి చేయలేదా?

దారితప్పినమేక
చేయాలని తట్టలేదక్కా. సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంది. అడవి దారుల్లో అక్కడక్కడా రెటుంగ్స్‌పుంక్ట్ అని నంబరుతో ఆకుపచ్చ బోర్డులు ఉంటాయి. ఆ నంబరు చెప్తే చాలు, సాయం చేసేవాళ్ళకి మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి బోర్డునీ దాటేటప్పుడు ఫోటో తీసుకుంటాను.

బూట్లదారం
చీకట్లో కాదు, పట్టపగలే నా చీలమండ మెలిపడింది. గేటేవెగ్‌లో రైలు పట్టాల పక్కన పాత సరిహద్దు దారి వస్తుంది, చిల్లుల కాంక్రీటు పలకలు పరిచింది. పక్క మనిషితో మాట్లాడుతూ అడుగు వేస్తే కాలు సరిగ్గా చిల్లులో పడింది. ఆ ముక్కలో కళ్ళు నేల మీదే ఉండాలి.

ఎర్రమట్టి
ఆ చిల్లుల పలకల కథ చాలామంది కుర్రాళ్ళకి తెలియదు. దేశం రెండుగా ఉన్నప్పుడు తూర్పు జర్మనీ సరిహద్దు సైనికుల బండ్లు తిరగడానికి వేసినవి అవి. 1961 నుంచి 1989 దాకా బ్రోకెన్ మీదికి మామూలు మనుషులు వెళ్ళడానికి లేదు. శిఖరం చుట్టూ గోడ, లోపల నిఘా కేంద్రాలు.

నేను మాగ్డెబుర్గ్‌లో ఉండి 19 ఏళ్ళు. మా మొదటి ఇంటాయన వెర్నిగెరోడెలో పుట్టి పెరిగాడు. చిన్నప్పుడు కిటికీ తీస్తే ఎదురుగా బ్రోకెన్. స్కూల్లో దాని బొమ్మ గీసేవారట. ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. 1989 డిసెంబర్ 3న జనం ఊరేగింపుగా వెళ్ళి గేటు తెరిపించినప్పుడు ఆయన ఆ గుంపులో ఉన్నాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై దాటాయి. పైన ఏం కనిపించిందని అడిగాను. "మా ఇల్లు" అన్నాడు.

పొగమంచులో నిలబడ్డానని తెల్లమబ్బు బాధపడుతుంటే ఇది గుర్తొచ్చింది.

తెల్లమబ్బు
ఎర్రమట్టి గారూ, ఇది మా నాన్నకి చదివి వినిపిస్తాను. ఆయన చరిత్ర మాస్టారు. ఇప్పుడు మోకాలు ఉన్నా బ్రోకెన్ కావాలంటాడేమో.

రైలుబండి
అయితే రైలే. దిగేటప్పుడు కూడా రైలే. కొంతమంది రైల్లో ఎక్కి నడిచి దిగుతారు, తేలిక అనుకుని. మోకాళ్ళకి దిగడమే శత్రువు. నడవాలని ఉంటే నడిచి ఎక్కి రైల్లో దిగాలి.

రాయిరప్ప
ఈ విషయంలో రైలుబండితో నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నాను. రాసి పెట్టుకోండి, మళ్ళీ జరగకపోవచ్చు.

క్లౌస్థాల్_కుర్రాడు
బయల్దేరే ముందు పొద్దున్నే బ్రోకెన్ వెబ్‌క్యామ్ చూడండి. శిఖరం మీద వాతావరణ కేంద్రం కూడా ఉంది, గంటగంటకీ వివరాలు వస్తాయి. బూడిద రంగు తెర కనిపిస్తే ప్లాన్ మార్చి టాలెకో రాబెన్‌క్లిప్పెకో వెళ్ళండి. రాబెన్‌క్లిప్పెకి బాద్ హార్ట్స్‌బుర్గ్ నుంచి కేబుల్ కారులో బుర్గ్‌బెర్గ్ ఎక్కి, అక్కణ్ణుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు నెమ్మదైన దారి. అక్కడ లింక్స్ పిల్లుల ఎన్‌క్లోజర్ ఉంది. హార్ట్స్‌లో ఈ జంతువు అంతరించిపోతే 2000 నుంచి 2006 దాకా 24 లింక్స్‌లని మళ్ళీ అడవిలోకి వదిలారు.

పొగమంచు77
నేను చెప్పేది దానికి ఉల్టా. వెబ్‌క్యామ్ బాగుండి, కింద మీ ఊళ్ళో పొగమంచు ఉంటే, ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళండి. చలికాలంలో గాలి కదలకుండా, ఒత్తిడి ఎక్కువ ఉన్న రోజుల్లో చల్లగాలి బరువుకి మైదానంలో అడుగున కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. పొగమంచు ఆ మూత కిందే ఆగిపోతుంది. పైన ఎండ. శిఖరం మీద కిందికన్నా వెచ్చగా ఉండటం నేను రెండుసార్లు చూశాను.

అలాంటి రోజున పొద్దునో సాయంత్రమో సూర్యుడు మీ వెనకాల కిందగా ఉండి, ముందు పొగమంచు ఉంటే, మీ నీడ దాని మీద పెద్దగా పడుతుంది, తల చుట్టూ రంగుల వలయాలతో. నీటి తుంపరలు వెలుతురుని విరిచి వెనక్కి పంపడం వల్ల ఆ రంగులు. ప్రపంచంలో ఎక్కడ కనిపించినా దీన్ని బ్రోకెన్ భూతం అనే అంటారు. 1780లో ఈ కొండ మీద చూసి రాశారు కాబట్టి. పక్కపక్కన నలుగురు నిలబడితే ఎవరి తల చుట్టూ వలయం వాళ్ళకే కనిపిస్తుంది.

చలిమంట
ఇది చూడకుండా జర్మనీ వదిలి వెళ్ళను.

లెక్కలమాస్టారు
ఇంకో లెక్క. ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం వేసి, 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్లలో ఉందో వస్తుంది. 1141కి 120 కిలోమీటర్లు. 454కి 76. ఎత్తు రెండున్నర రెట్లు పెరిగితే చూపు ఒకటిన్నర రెట్లే పెరిగింది. ఇది సముద్రమట్టం నుంచి వేసిన లెక్క, మైదానం కాస్త ఎత్తున ఉంది కాబట్టి కొంచెం తగ్గుతుంది. మీ రూమ్మేట్‌కి ఇది చూపించండి.

తెల్లమబ్బు
అమ్మానాన్న వచ్చి వెళ్ళారు. రిపోర్టు రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మొదటి ఆదివారం టాలె. హెక్సెన్‌టాన్ట్స్‌ప్లాట్స్ మీద ఆకులన్నీ పసుపు, రాగి రంగు. నాన్న కడ్డీ దగ్గర నిలబడి నది ఏ వైపు పారుతోందో, ఆ బండలు ఏ రాయో అడుగుతూనే ఉన్నాడు. గ్రానైట్ అని నీలిగొడుగు అక్క పుణ్యమా అని తెలివిగా చెప్పాను. రోస్‌ట్రాపెకి నాన్న లిఫ్ట్‌లో పైదాకా వచ్చి బెంచీ మీద ఆగిపోయాడు, రాళ్ళు చూసి మోకాలు వద్దంది. నేనూ అమ్మా వెళ్ళాం. అమ్మ గిట్ట గుంటలో చెయ్యి పెట్టి కొలిచింది. గుర్రం కాదు, ఏనుగై ఉంటుందని తేల్చింది.

తర్వాతి వారం బ్రోకెన్, రైల్లో. వెబ్‌క్యామ్ బూడిద రంగే. వద్దన్నాను. నాన్న ఎర్రమట్టి గారి పోస్టు చదివి ఉన్నాడు, వెళ్దామన్నాడు. పైన పొగమంచు, గాలి, రెండు డిగ్రీలు. మ్యూజియంలో గంటన్నర గడిపాడు. బయటికొచ్చి తెల్లటి తెర వైపు తిరిగి వెర్నిగెరోడె ఏ దిక్కున ఉంటుందని అడిగాడు. చూపించాను. అటే చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

నీలిగొడుగు
చాలా సంతోషం. అమ్మగారి ఏనుగు మాట మా అత్తమ్మకి చెప్పాలి.

ఎర్రమట్టి
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

తెల్లమబ్బు
ఇంకో రిపోర్టు. మొన్న శనివారం లేచేసరికి బ్రౌన్‌ష్వైగ్‌లో ఎదురిల్లు కనిపించనంత పొగమంచు. పొగమంచు77 గారి మాట గుర్తొచ్చి వెబ్‌క్యామ్ తెరిస్తే నీలాకాశం. సంచి ముందే సర్ది ఉంది, హెడ్‌ల్యాంప్‌తో సహా. బాద్ హార్ట్స్‌బుర్గ్ దాకా రైలు, అక్కడ 820 బస్సు. టోర్ఫ్‌హౌస్‌కి కాస్త ముందు మలుపులో బస్సు మబ్బులోంచి బయటికొచ్చింది. బస్సులో అందరూ ఒకేసారి "ఓ" అన్నారు.

క్యోనిగ్స్‌క్రూగ్‌లో దిగి అఖ్టర్‌మన్ ఎక్కాను. మెట్లు రైలుబండి గారు చెప్పినట్టే ఉన్నాయి, నాన్నని తీసుకురాకపోవడం మంచిదైంది. పైన రాళ్ళ మీద నేనూ, థర్మాస్ పట్టుకున్న ఒక ముసలాయనా అంతే. ఉత్తరాన మైదానం మొత్తం తెల్లటి సముద్రం. ఈశాన్యంలో బ్రోకెన్, దాని మీది టవర్‌తో సహా, నాలుగుసార్లు ఎక్కాక మొదటిసారి. తూర్పున వుర్మ్‌బెర్గ్. మధ్యలో ఎండిన మానుల బూడిద రంగు, వాటి కింద పచ్చగా ఏదో లేస్తోంది, అడవిబాట చెప్పిన రోవనే అయ్యుంటుంది.

నాన్నకి వీడియో కాల్ చేస్తే సిగ్నల్ అందింది. టవర్ వైపు ఫోన్ తిప్పాను. "మనం నిలబడింది అక్కడేనా" అన్నాడు. అక్కడేనని చెప్పాను.

పొగమంచు77
నీడ కనిపించిందా?

తెల్లమబ్బు
లేదండీ, పొగమంచు చాలా కిందుగా ఉంది. ఈ వారం కూడా గాలి కదలదని అంచనా. ఆదివారం వోల్ఫ్స్‌వార్టెకి వెళ్తున్నాను, తెల్లవారకముందే పైన ఉండేలా. ఎవరైనా వస్తారా?

చలిమంట
నేను. హెడ్‌ల్యాంప్ కొనుక్కోవాలి.

దారితప్పినమేక
నా దగ్గర రెండున్నాయి, తెస్తాను. ఎక్కడ కలుద్దాం?